డ్రైవరు లేని వాహనాలు: నగర రహదారులపై ఆదేశం ఎవరిది?

ప్రత్యేక వ్యాసం

2025 సెప్టెంబరు నెలాఖరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ బ్రూనో పట్టణంలో పోలీసులు రాత్రివేళ మద్యం తాగి వాహనాలు నడిపేవారి కోసం తనిఖీలు చేస్తున్నారు. వారి కళ్ళెదుటే ఒక కారు నిబంధనలకు విరుద్ధంగా యూ-టర్న్ తీసుకుంది. ఆపి చూడగా అది వేమో సంస్థకు చెందిన డ్రైవరు లేని టాక్సీ. చలానా రాయవలసింది డ్రైవరు పేరిట. ఆ సీటులో ఎవరూ లేరు. చలానా పుస్తకంలో యంత్రానికి ప్రత్యేకంగా గడి ఏదీ లేకపోవడంతో పోలీసులు కంపెనీకి ఫోను చేసి, జరిగిన పొరపాటును తెలియజేసి, కారును పంపివేశారు.

ఈ సంఘటన పత్రికలలో వినోద వార్తగా వచ్చింది. నగర పాలకులకు మాత్రం ఇది వినోదం కాదు. రోడ్డుపై ప్రభుత్వానికి ఉన్న అధికారమంతా ఇన్నాళ్ళూ డ్రైవరు అనే ఒక మనిషి ద్వారానే అమలవుతూ వచ్చింది. ఆపమంటే ఆపేది, దారి ఇమ్మంటే ఇచ్చేది, తప్పు చేస్తే జరిమానా కట్టేది ఆ మనిషే. అతడు లేనప్పుడు కూడలిలో నిలబడిన పోలీసు ఎవరితో మాట్లాడాలన్నది అసలు ప్రశ్న. సెన్సర్లు, 'స్మార్ట్' స్తంభాలు, కమాండ్ కంట్రోల్ తెరల కొనుగోలు కంటే ముందు నగరాలు సమాధానం వెతకవలసింది దీనికే.

భారతదేశంలో ఇటువంటి వాహనాలను ప్రజా రహదారులపై అనుమతించే ప్రసక్తి లేదని కేంద్ర రహదారి రవాణా శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ 2017లో ఒకసారి, 2023 డిసెంబరులో నాగపూర్‌లో మరొకసారి స్పష్టం చేశారు. డ్రైవర్ల ఉపాధి దెబ్బతింటుందన్నది ఆయన చెప్పిన కారణం. అయితే పరిశోధన ఆగలేదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 130 కోట్ల రూపాయల వ్యయంతో ఏర్పాటైన 'టిహాన్' ప్రయోగ కేంద్రాన్ని 2022 జూలై 4న కేంద్ర సహాయ మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ ప్రారంభించారు. 2025లో అదే ప్రాంగణంలో డ్రైవరు లేని విద్యుత్ షటిల్ బస్సులు విద్యార్థులను, సిబ్బందిని ఎక్కించుకుని తిరగడం మొదలుపెట్టాయి. ప్రాంగణం గేటు దాటితే ముంబయి జాతీయ రహదారి. ఆ గేటు ఎప్పుడు తెరుచుకుంటుందన్నది కేంద్రం తీసుకోవలసిన నిర్ణయం. తెరుచుకునే నాటికి బయట రోడ్డు ఎలా ఉండాలన్నది మాత్రం రాష్ట్రం, నగరం చూసుకోవలసిన విషయం.

శాన్‌ఫ్రాన్సిస్కో నేర్చుకున్నది

ఈ విషయంలో అందరికంటే ముందుగా, అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించి అనుభవం గడించిన నగరం శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడ వాహనాలకు అనుమతులు ఇచ్చే అధికారం నగరానికి లేదు. వాహనం నడపడానికి అనుమతి రాష్ట్ర మోటారు వాహనాల శాఖ ఇస్తుంది; ప్రయాణికుల నుంచి చార్జీ వసూలు చేయడానికి అనుమతి రాష్ట్ర ప్రజోపయోగ సేవల కమిషన్ ఇస్తుంది. నగర రవాణా సంస్థ, అగ్నిమాపక శాఖ తమ అభ్యంతరాలను విన్నవించుకోవలసిందే తప్ప అడ్డుచెప్పే అవకాశం లేదు.

2023లో అగ్నిమాపక శాఖ విన్నవించుకున్న అభ్యంతరాలు చిన్నవి కావు. ఆ ఏడాది జనవరిలో మంటలు ఆర్పుతున్న చోటికి క్రూజ్ సంస్థ కారు ఒకటి వచ్చి, నేలపై పరచిన నీటి గొట్టాల మీదకు సాగబోగా, సిబ్బంది దాని అద్దం పగులగొట్టి ఆపవలసి వచ్చింది. డ్రైవరు లేని కార్లు తమ విధులకు అడ్డుపడిన సంఘటనలు ఆ సంవత్సరంలో అప్పటికే 55 నమోదయ్యాయని ఆగస్టు నాటికి ఆ శాఖ అధిపతి వెల్లడించారు. అయినప్పటికీ 2023 ఆగస్టు 10న కమిషన్ 3-1 మెజారిటీతో వేమో, క్రూజ్ సంస్థలకు నగరమంతటా రాత్రింబవళ్ళు చార్జీ వసూలు చేసుకుని తిరిగేందుకు అనుమతి ఇచ్చింది. వారం రోజులకే క్రూజ్ కారు ఒకటి, అత్యవసర విధిపై వెళుతున్న అగ్నిమాపక వాహనం ఒకటి ఢీకొన్నాయి.

అక్టోబరు 2న జరిగిన ప్రమాదం అన్నిటికంటే తీవ్రమైనది. వేరొక మనిషి నడుపుతున్న కారు ఢీకొనడంతో ఒక పాదచారి ఎగిరి క్రూజ్ కారు ముందు పడింది. కారు ఆమెను తాకి ఆగింది. అటుపిమ్మట పక్కకు తీసుకుని ఆగాలన్న తన నియమాన్ని అనుసరించి, ఆమె చక్రాల కింద ఉండగానే దాదాపు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. ప్రమాదం తరువాత రోడ్డుకు అడ్డం లేకుండా పక్కకు తప్పుకోవడం మామూలుగా మంచి నియమమే. కింద మనిషి ఉన్నారేమోనని దిగి చూసే కళ్ళు లేకపోవడమే ఇక్కడ విషాదం. అక్టోబరు 24న మోటారు వాహనాల శాఖ ఆ సంస్థ అనుమతులను నిలిపివేసింది. సమాఖ్య దర్యాప్తునకు తప్పుడు నివేదిక సమర్పించినట్లు అంగీకరించి సంస్థ 2024 నవంబరులో 5 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఆ మరుసటి నెలలోనే మాతృసంస్థ జనరల్ మోటార్స్ రోబో టాక్సీ వ్యాపారానికి నిధులు ఆపివేసింది.

ఇంత జరిగాక కాలిఫోర్నియా చట్టం మారింది. 2024 సెప్టెంబరులో గవర్నరు సంతకం చేసిన శాసనం, 2026 జూలై 1 నుంచి వర్తించే విధంగా, రెండు ముఖ్యమైన ఏర్పాట్లు చేసింది. డ్రైవరు లేని వాహనం నిబంధన ఉల్లంఘిస్తే పోలీసు అధికారి తయారీ సంస్థ పేరిట ఉల్లంఘన నోటీసు జారీ చేయవచ్చు. అగ్నిప్రమాదం వంటి అత్యవసర స్థలం చుట్టూ అధికారులు సరిహద్దు గీసి సందేశం పంపితే, 2 నిమిషాలలోగా ఆ సంస్థ తన వాహనాలను అక్కడి నుంచి తప్పించాలి, కొత్తవి అటు పోకుండా చూడాలి. సహాయక సిబ్బంది మాట్లాడటానికి వాహనంలోనే ఇరువైపులా వినిపించే పరికరం, ఎల్లవేళలా ఫోను ఎత్తే మనిషి, దూరం నుంచే వాహనాన్ని నిలిపివేసే అధికారం ఆ మనిషికి ఉండటం కూడా అందులోని షరతులు. ఒక్కమాటలో, ఖాళీగా ఉన్న డ్రైవరు సీటుకు చట్టం ఒక చిరునామా రాసింది.

ఇదిలా ఉండగా 2025 డిసెంబరు 20న మరో పరీక్ష ఎదురైంది. విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు చెలరేగి శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు 1.3 లక్షల కనెక్షన్లకు సరఫరా నిలిచిపోయింది. సిగ్నళ్ళు ఆరిపోయాయి. వెలగని సిగ్నల్ ఉన్న కూడలిని నాలుగువైపులా ఆగి వెళ్ళవలసిన కూడలిగా పరిగణించాలని వేమో కార్లకు నేర్పారు. ఆ రోజు 7 వేలకు పైగా ఆరిపోయిన సిగ్నళ్ళను అవి దాటాయని కంపెనీ తెలిపింది. అయితే కొన్ని కార్లు నిర్ధారణ కోసం దూరంగా ఉన్న సిబ్బందిని సంప్రదించడం, అలా అడిగే కార్లు ఒక్కసారిగా పెరగడం, జవాబులు ఆలస్యం కావడంతో అనేక కూడళ్ళలో అవి కదలక నిలిచిపోయాయి. సేవలను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. విడివిడిగా చూస్తే ఏ కారూ పెద్ద తప్పు చేయలేదు. వందల కార్లకు ఒకే సందేహం ఒకే సమయంలో రావడమే చిక్కు. మనుషులు నడిపే వాహనాలలో ఇటువంటి గుణం ఉండదు కనుక నగరాల విపత్తు నిర్వహణ ప్రణాళికలలో దీనికి చోటు లేదు.

ఇవన్నీ చూసి ఈ వాహనాలను ప్రమాదకరమైనవని తేల్చివేయడం కూడా సరికాదు. స్విస్ రీ బీమా సంస్థతో కలిసి వేమో 2024 డిసెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2.53 కోట్ల మైళ్ళ ప్రయాణంలో మనుషులకు గాయాలైనందుకు వచ్చిన బీమా క్లెయిములు, మనుషులు నడిపే వాహనాలతో పోలిస్తే 92 శాతం తక్కువ. కంపెనీ భాగస్వామ్యంతో జరిగిన అధ్యయనమన్న సంగతి గుర్తుంచుకుంటూనే ఈ అంకెను లెక్కలోకి తీసుకోవాలి. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనదారులు, 32,825 మంది పాదచారులు. ప్రాణనష్టాన్ని ఏ మాత్రం తగ్గించగల సాంకేతికతనైనా తలుపు వేసి దూరం పెట్టగల స్థితిలో మన దేశం లేదు.

మన చట్టంలో 'డ్రైవరు'

మోటారు వాహనాల చట్టం, 1988ని ఈ దృష్టితో చదివితే శాన్ బ్రూనో పోలీసుల ఇబ్బంది మనకు అడుగడుగునా కనిపిస్తుంది. ట్రాఫిక్ విధుల్లో ఉన్న పోలీసు అధికారి ఆదేశాలను పాటించవలసిన బాధ్యతను 119వ సెక్షన్ 'ప్రతి డ్రైవరు'పై ఉంచింది. అంబులెన్సు, అగ్నిమాపక వాహనాలకు దారి ఇవ్వకపోతే 194ఇ సెక్షన్ కింద 6 నెలల జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అది కూడా వాహనం నడిపే వ్యక్తిని ఉద్దేశించినదే. కెమెరా పట్టిన ఉల్లంఘనకు ఈ-చలానా వాహన యజమానికి వెళుతుంది. ఆ సమయంలో నడిపినది ఎవరో 133వ సెక్షన్ కింద పోలీసులు అడిగితే యజమాని చెప్పాలి. ఎవరూ లేరు అన్నది ఆ ప్రశ్నకు చట్టం ఊహించని జవాబు.

బ్రిటన్ 2024లో చేసిన స్వయంచాలిత వాహనాల చట్టం ఈ చిక్కును ముందే విప్పింది. వాహనం తనంతట తాను నడిచేటప్పుడు దాని నడకకు బాధ్యత వహించే అధీకృత సంస్థ ఒకటి ఉండాలని, ఆ సమయంలో లోపల కూర్చున్న మనిషిపై నడపడానికి సంబంధించిన నేరం మోపరాదని నిర్దేశించింది. ఇటువంటి మార్పులు మన దేశంలో పార్లమెంటు చేయవలసినవి. మోటారు వాహనాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 35వ అంశం. పోలీసు, స్థానిక పాలన, జాతీయ రహదారులు కాని రోడ్లు రాష్ట్ర జాబితాలోనివి. వాహనానికి అనుమతి ఒకచోట, అది నడిచే వీధి బాధ్యత మరొకచోట ఉండటంలో శాన్‌ఫ్రాన్సిస్కోకు, మన నగరాలకు పెద్దగా తేడా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో 2023 డిసెంబరులో తన రాష్ట్ర కమిషన్‌పైనే కోర్టుకెక్కింది. అంత దూరం పోకుండా ముందే తమ షరతులు చెప్పుకొనే అవకాశం మన నగరాలకు ఇంకా ఉంది.

వీధిపై ఆంక్షలు విధించే అధికారం ఇప్పటికే చట్టంలో ఉన్నదన్న సంగతి ఇక్కడ గమనించాలి. ప్రజల భద్రత, సౌకర్యం దృష్ట్యా, లేదా రోడ్డు స్వభావాన్ని బట్టి, ఒక ప్రాంతంలో గాని ఒక రోడ్డుపై గాని వాహనాలను నిషేధించడానికి, పరిమితం చేయడానికి 115వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన అధికారికి వీలు కల్పించింది. ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన సైతం అవసరం లేదు, పరిస్థితిని బట్టి స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. గణేశ్ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ వరకు శోభాయాత్ర సాగే దారులలో మళ్ళింపులు, బోనాలు, మొహర్రం, క్రికెట్ మ్యాచ్‌లు, ప్రముఖుల పర్యటనల వేళ ఆంక్షలు ఈ విధంగానే అమలవుతున్నాయి.

ఆ ప్రచారం జరిగే తీరు పాత్రికేయులకు తెలిసినదే. పోలీసు కమిషనరేట్ నుంచి పత్రికా ప్రకటన వెలువడుతుంది. ఫలానా కూడలి నుంచి ఫలానా కూడలి వైపు వాహనాలను అనుమతించరు, ఫలానా చోట ఎడమకు మళ్ళిస్తారు అని పేర్లతో ఉంటుంది. పత్రికలు అచ్చువేస్తాయి, టీవీలు చదువుతాయి. రోడ్డుపై బారికేడ్ పెడతారు, పక్కన కానిస్టేబుల్ నిలబడతారు. ప్రకటన చదవని డ్రైవరు కూడా కానిస్టేబుల్ చేయి చూసి తిరిగిపోతాడు. ఈ ఏర్పాటు దశాబ్దాలుగా పనిచేస్తున్నది. అది పనిచేయడానికి కారణం మాత్రం చివర ఒక మనిషి చేతిని మరొక మనిషి చూడటమే. యంత్రం వార్తాపత్రిక చదవదు. ప్రకటనలో 'పాత గేటు', 'బస్ డిపో ఎదుట' వంటి గుర్తులు స్థానికులకు చాలు. యంత్రానికి అక్షాంశ రేఖాంశాలు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం కావాలి.

స్థానిక సంస్థలు జారీ చేసే వేగపరిమితి, రోడ్డు మూసివేత, పార్కింగ్ ఉత్తర్వుల సమాచారాన్ని యంత్రాలు చదవగల రూపంలో జాతీయ వేదికకు అందించేందుకు బ్రిటన్ అదే 2024 చట్టంలో ఏర్పాటు చేసింది. ఇందుకు కోట్ల రూపాయల పరికరాలు అవసరం లేదు. ట్రాఫిక్ ప్రకటన తయారుచేసే కార్యాలయంలోనే ప్రతి ఆంక్షను మ్యాపుపై గీసి, కాలపరిమితితో ఒకేచోట నమోదు చేస్తే సరిపోతుంది. తవ్వకాలకు అనుమతులిచ్చే మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగం, కేబుళ్ళు వేసే విద్యుత్ సంస్థ, గొట్టాలు వేసే జలమండలి కూడా అదే జాబితాలో రాయాలి. కష్టమంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది. నిన్న వేసిన రోడ్డును నేడు తవ్వడం మన నగరాలలో సామెతగా మారింది. శాఖలు ఒకే పుస్తకంలో రాసుకోకపోవడమే దానికీ మూలం. డ్రైవరు లేని కార్లు రానీ రాకపోనీ, ఈ పుస్తకం ఉంటే అంబులెన్సు డ్రైవరు మూసిన దారిలోకి వెళ్ళి వెనక్కు తిరగవలసిన అవసరం ఉండదు.

గీతలు, దాటే చోట్లు

వీధి విషయానికొస్తే, 2018 మార్చి 18న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీ నగరంలో జరిగిన ప్రమాదం మన ఇంజనీర్లు శ్రద్ధగా చదవవలసినది. ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, రాత్రివేళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించారు. కారులో పర్యవేక్షణకు ఉన్న వ్యక్తి రోడ్డును చూడటం లేదు. ఇది అందరికీ తెలిసిన భాగం. జీబ్రా క్రాసింగ్ కాని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ కారు కార్యక్రమంలో లేదని జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు 2019లో తేల్చింది. ఆమె దాటిన చోట విశాలమైన డివైడర్‌పై నడకదారిని తలపించే ఇటుక పరుపు ఉంది. అంచులలో ఇక్కడ దాటరాదు, క్రాసింగ్ వాడండి అన్న బోర్డులూ ఉన్నాయి. ఆ క్రాసింగ్ వందకు పైగా మీటర్ల దూరంలో ఉంది.

పరుపు పిలుస్తుంది, బోర్డు వద్దంటుంది. మన నగరాలలో ఇటువంటి చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. ఒకవైపు బస్‌స్టాపు, ఎదురుగా ఆస్పత్రి, మధ్యలో డివైడర్‌ను ఎవరో పగులగొట్టి చేసిన సందు, యూ-టర్న్ కోసం అర కిలోమీటరు ముందుకు పంపిన వాహనాల వేగం. సిగ్నళ్ళు తీసి యూ-టర్న్‌లు పెట్టిన కారిడార్లలో వాహనాల నిరీక్షణ తగ్గి ఉండవచ్చు, పాదచారికి మాత్రం ఆగిన వాహనం అంటూ దొరకదు. ప్రజలు నిజంగా దాటుతున్న చోటికే క్రాసింగును తీసుకురావడం డ్రైవరు లేని వాహనాల కోసం చేయగల మొదటి సివిల్ పని. డ్రైవరు ఉన్న వాహనాల కింద పడుతున్న వారికి అది అంతకంటే ఎక్కువ అవసరం.

రోడ్డు గీతలు, సూచికలకు భారత రహదారి కాంగ్రెస్ ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నిర్ణీత ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గాని వైకల్యం గాని సంభవిస్తే బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటులపై లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019 సవరణ 198ఎ సెక్షన్‌ను చేర్చింది. మొదటి వానకు చెరిగిపోయే రంగును బిల్లులోకి ఎక్కించే అలవాటుకు ఈ సెక్షన్ ఒక్కటే విరుగుడు కాకపోవచ్చు. పూత పూసిన నాటి ఫోటోతో పాటు ఆరు నెలల తరువాతి ఫోటో కూడా ఉంటేనే చివరి బిల్లు చెల్లించే షరతు టెండరులో పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు లేదు.

గీతలన్నీ సరిచేసినా మన వీధి పాశ్చాత్య వీధి కాబోదు. ఈ వాస్తవాన్ని గుర్తించిన పని హైదరాబాద్‌లోనే జరిగింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 2018లో ఇంటెల్ సహకారంతో విడుదల చేసిన భారత డ్రైవింగ్ దత్తాంశ నిధిలో హైదరాబాద్, బెంగళూరు, వాటి శివారు రోడ్లపై 182 ప్రయాణాలలో తీసిన దాదాపు 10 వేల చిత్రాలను 34 తరగతులుగా గుర్తించి పొందుపరిచారు. ఆటోరిక్షాకు, జంతువులకు అందులో ప్రత్యేక తరగతులున్నాయి. రోడ్డు ఎక్కడ ముగిసి మట్టి అంచు ఎక్కడ మొదలవుతుందో తేల్చడం ఎంత కష్టమో కూడా అది చూపింది. ఫీనిక్స్ ఎడారిలో నేర్చుకున్న కారును నేరుగా మెహదీపట్నంలో దింపితే ఏమవుతుందో ఊహించేందుకు ఈ నిధి చాలు. పరీక్షలకు అనుమతి కోరే ఏ సంస్థ అయినా ఇక్కడి వీధులపై, ఇక్కడి కానిస్టేబుళ్ళ చేతి సైగలపై, ఇక్కడి పండుగ ఊరేగింపుల ఎదుట పరీక్ష నెగ్గాలని కోరే హక్కు నగరానికి ఉంది. సింగపూర్ 2017లోనే ఇందుకొక కృత్రిమ వీధిని నిర్మించి, ఆ పరీక్ష దాటిన వాహనాలనే దశలవారీగా ప్రజా రహదారులపైకి పంపే పద్ధతి పాటించింది. కందిలోని ప్రయోగ కేంద్రం తెలుగు నగరాలకు ఆ పాత్ర పోషించగలదు.

పెద్ద పెట్టుబడి లేకుండా వీధిని చదివే మార్గం కూడా ఒకటుంది. నాగపూర్‌లో 2021లో ప్రారంభమైన 'ఐరాస్తే' పథకం కింద నగరపాలక సంస్థ బస్సులకు ముందు అద్దం వద్ద హెచ్చరిక కెమెరాలు అమర్చారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ అందులో భాగస్వాములు. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులలోనూ ఈ పరికరాలను అమర్చారు. ఢీకొనే ప్రమాదం ఉన్నప్పుడు పరికరం డ్రైవరును హెచ్చరిస్తుంది. ఒకేచోట పదే పదే హెచ్చరికలు వస్తే, ఇంకా ఎవరూ చనిపోకముందే ఆ చోటు ప్రమాదకరమని తెలిసిపోతుంది. రోజూ అదే దారిలో తిరిగే బస్సుకంటే మంచి సర్వేయరు నగరానికి దొరకడు.

మ్యాపుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఈ వాహనాలకు కావలసిన సూక్ష్మ పటాలు అడుగుల తేడాను కూడా చూపుతాయి. సమతలంలో 1 మీటరు, ఎత్తులో 3 మీటర్ల కంటే సూక్ష్మమైన పటాల తయారీ, యాజమాన్యం భారతీయ సంస్థలకే పరిమితమని, ఆ సమాచారం దేశంలోనే నిల్వ ఉండాలని కేంద్రం 2021 ఫిబ్రవరి 15న జారీ చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ నగరపాలక సంస్థ అయినా తన రోడ్ల పటాన్ని ఉచితంగా గీసిపెడతామని వచ్చే కంపెనీతో ఒప్పందం చేసుకునే ముందు దీనిని చూసుకోవాలి. ఆ పటం ప్రతి తనకూ దక్కేలా రాసుకోవాలి.

ఎక్కే, దిగే చోట్ల సంగతి ఇప్పుడే ఆలోచించదగినది. డ్రైవరు లేని టాక్సీకి టీ తాగే చోటు అక్కరలేదు గాని ఆగే చోటు కావాలి, లేకుంటే ఖాళీగా తిరుగుతూ రోడ్డును నింపుతుంది. వాహనాలు నిలిపే స్థలాలను నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ ఇప్పటికే ఇచ్చింది. బస్‌బేలు వాటి పాలు కాకుండా చూడటం ముఖ్యం.

ఉపాధి ప్రశ్న వీటన్నిటికంటే బరువైనది. చైనాలోని ఊహాన్ నగరంలో బైదూ సంస్థ రోబో టాక్సీలు విస్తరించినప్పుడు 2024లో టాక్సీ నడిపేవారి నుంచి నిరసన వ్యక్తమైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాలలో ఆటో, క్యాబ్ నడిపి కుటుంబాలను పోషించేవారిలో చాలామంది అప్పు చేసి బండి కొన్నవారు. బండి తిరిగితేనే వాయిదా కట్టగలరు. గనులలో, ఓడరేవులలో, విమానాశ్రయాల లోపల, ఐటీ ప్రాంగణాల నుంచి మెట్రో స్టేషను వరకు నడిచే షటిళ్ళలో ఈ సాంకేతికతకు ముందుగా చోటిచ్చి, నగర టాక్సీ రంగాన్ని చివరకు ఉంచడం ఒక విధానం కాగలదు. ఏ విధానమైనా డ్రైవర్ల సంఘాలను పిలిచి మాట్లాడిన తరువాతే ఖరారు కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో అగ్నిమాపక సిబ్బంది మాటను ముందే విని ఉంటే ఏమయ్యేదో అందరూ చూశారు.

నూతన ఆవిష్కరణలు, పరిశోధనలను ప్రోత్సహించేందుకు కొన్ని రకాల వాహనాలను చట్ట నిబంధనల నుంచి మినహాయించే అధికారాన్ని 2019 సవరణ ద్వారా చేర్చిన 2బి సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. డ్రైవరు లేని వాహనాలకు ప్రజా రహదారులపై పరీక్షా అనుమతి ఎప్పుడైనా ఇవ్వదలిస్తే ఆ దారిన రావడానికే అవకాశం ఎక్కువ. అందులో విధించే షరతుల ముసాయిదాకు రాష్ట్రాలు తమ సూచనలు ముందే పంపవచ్చు. పోలీసు సైగను గుర్తించడం, అత్యవసర స్థలం నుంచి నిర్ణీత నిమిషాలలో తప్పుకోవడం, తెలుగులో జవాబిచ్చే మనిషి రాత్రింబవళ్ళు ఫోను వద్ద ఉండటం, ప్రమాద దృశ్యాలను పూర్తిగా అప్పగించడం, ఈ-చలానాలో డ్రైవరు గడికి బదులు బాధ్యత వహించే సంస్థ పేరు రాసే వీలు ఆ సూచనలలో ఉండదగినవి.